రంగు అచ్చులో మనిషి శరీరం

మన వైద్య కళాశాలల్లో మొదటి సంవత్సరం విద్యార్థి అనాటమీ రికార్డు తిరగేస్తే ధమనులు ఎర్రగా, సిరలు నీలంగా, నరాలు పసుపుగా, లింఫ్ నాళాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. విశాఖపట్నమైనా, గుంటూరైనా, హైదరాబాదైనా పద్ధతి ఇదే. రంగు పెన్సిళ్లు లేకుండా రికార్డు పూర్తి కాదు. అదే విద్యార్థి డిసెక్షన్ హాల్లో బల్ల మీద చూసేది వేరు. ఫార్మలిన్‌లో ఊరిన శరీరంలో ధమని, సిర, నరం అన్నీ ఇంచుమించు ఒకే మట్టిరంగులో ఉంటాయి. వేలితో తడిమి, గోడ మందం చూసి, ఎక్కడ పుట్టి ఎటు పోతోందో వెతికి పట్టుకుంటే తప్ప ఏది ఏదో తేలదు. పుస్తకంలోని రంగులు మనుషులు ఎంచుకుని పెట్టినవి. ఆ ఎంపిక వెనక వైద్యుల ఆలోచన ఎంత ఉందో, అచ్చుపనివాళ్ల శ్రమ అంత ఉంది.

యూరప్‌లో శరీర నిర్మాణాన్ని చూపే బొమ్మలను రంగుల్లో అచ్చువేయడం 1627లో మొదలైంది. 18వ శతాబ్దంలో అది ఒక వెలుగు వెలిగి, ఆ శతాబ్దం ముగిసేలోగా వెనకబడింది. ఈ నూటయాభై ఏళ్ల ప్రయత్నాన్ని కళాచరిత్రకారులు అచ్చుకళలో ఒక అందమైన అధ్యాయంగా చూస్తారు. వైద్యచరిత్రకారుల్లో చాలామంది దాన్ని పక్కదారిగా చూస్తారు. రెండు చూపుల్లోనూ కొంత నిజం ఉంది కానీ, అడగాల్సిన ప్రశ్న రెండింటిలోనూ జారిపోయింది. రంగు ఆ బొమ్మల్లో ఏ పని చేసింది? నాకు కనిపిస్తున్న జవాబు ఇది: రంగు ఒక గుర్తుగానో, ఒక సాక్ష్యంగానో పనిచేసిన చోట ఈ బొమ్మలు శాస్త్రానికి మేలు చేశాయి. మాంసాన్ని మాంసంలా కనిపించేట్టు చేయడానికి రంగును వాడిన చోట బొమ్మ గొప్పదైంది, శాస్త్రం మాత్రం పలచబడింది.

రంగు అచ్చు రాకముందు రంగు లేకపోలేదు. ఆండ్రియాస్ వెసాలియస్ 1543లో బాసెల్ నగరంలో ఒపోరినస్ ముద్రణాలయంలో అచ్చువేయించిన మహాగ్రంథంలోని బొమ్మలు నల్లసిరాతో పడిన చెక్క అచ్చులే. అయితే చక్రవర్తి ఐదో చార్లెస్‌కు సమర్పించిన ప్రతికి మాత్రం చేత్తో రంగులు వేయించారు. చేతిరంగుకు ఉన్న చిక్కు అక్కడే కనిపిస్తుంది. అది ఒక్క ప్రతికి జరిగే అలంకారం. పది ప్రతులకు రంగు వేస్తే పది రకాలుగా వస్తుంది. రంగు వేసే మనిషి శవాన్ని చూసినవాడు కాదు. ఒక కండర బంధనాన్ని నరం అనుకుని రంగు వేస్తే ఆ తప్పు ఆ ప్రతి కొన్నవాడి తలలో స్థిరపడుతుంది. అదే రంగు అచ్చులో పడితే ప్రతి పాఠకుడికీ ఒకే సాక్ష్యం అందుతుంది. పడువాలో చదివే విద్యార్థి, లైడెన్‌లో చదివే విద్యార్థి ఒకే ఎరుపు గీత గురించి వాదించుకోవచ్చు. రంగు అచ్చు కోసం తపించినవాళ్లకు ఈ ఆశ ఉంది. దాన్ని మొదట నెరవేర్చినది ఇటలీలో ఒక కుక్క పేగు బొమ్మ.

గాస్పరే అసెల్లి పావియాలో శరీరశాస్త్ర ఆచార్యుడు. 1622 జులై 23న మిలాన్‌లో స్నేహితుల కోరిక మీద ఒక బతికున్న కుక్కను కోసి గొంతు నరాలు, ఉదరవితానం కదలిక చూపిస్తున్నాడు. ఈ కాలానికి చదవడానికే ఒళ్లు జలదరించే పని అది. ఆ కుక్క అంతకుముందే కడుపునిండా తిని ఉంది. పేగులను పక్కకు తప్పించినప్పుడు పేగులను పట్టి ఉంచే పొర మీద తెల్లటి సన్నని దారాలు కనిపించాయి. మొదట నరాలు అనుకున్నాడు. ఒకదాన్ని కోస్తే పాలలాంటి ద్రవం ఉబికింది. తిన్న ఆహారంలోని కొవ్వును మోసుకుపోయే నాళాలు అవి. తిండి తినని కుక్కలో అవి కనిపించలేదు. తిన్న కుక్కలో మళ్లీ కనిపించాయి.

కనిపెట్టినదాన్ని లోకానికి చూపడం ఎలా? సమస్యంతా అందులో ఉంది. పేగు పొర మీద ధమనులున్నాయి, సిరలున్నాయి, ఇప్పుడు వాటి మధ్య మూడో జాతి నాళాలు కూడా ఉన్నాయని చెప్పాలి. నల్ల గీతలతో గీస్తే మూడూ ఒకటే చిక్కుముడి. అసెల్లి కన్నుమూశాక 1627లో మిలాన్‌లో అతని మిత్రులు ఆ పుస్తకాన్ని అచ్చువేయించారు. అందులో మడతపెట్టిన నాలుగు పెద్ద బొమ్మలున్నాయి. ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు చెక్కి, నలుపుతో పాటు ఎరుపు, గోధుమ ఛాయలను ఒకదాని మీద ఒకటి పడేట్టు ముద్రించారు. వెలుగునీడల కోసం ఇటలీ, జర్మనీ చిత్రకారులు అప్పటికే వందేళ్లుగా వాడుతున్న పద్ధతి అది. ఉగో దా కార్పి 1516లో దానికి వెనిస్ పాలకుల నుంచి ప్రత్యేక హక్కు కూడా తెచ్చుకున్నాడు. చిత్రకారులు నీడ కోసం వాడినదాన్ని అసెల్లి మిత్రులు తేడా చెప్పడానికి వాడారు. ఏ నాళం ఏ జాతిదో బొమ్మలో రంగే చెబుతుంది. కుక్క పేగు అచ్చం అలాగే ఉంటుందని ఎవరూ భ్రమపడరు, పడాల్సిన అవసరమూ లేదు. రంగుల్లో అచ్చయిన తొలి శరీరశాస్త్ర చిత్రాలుగా వైద్యచరిత్ర వీటినే లెక్కిస్తుంది. ఆ తొలి ప్రయత్నమే రంగును సరైన పనికి పెట్టిందని నా అభిప్రాయం.

తర్వాత దాదాపు వందేళ్లు ఈ దారిలో ఎవరూ నడవలేదు. కారణం అచ్చుశాలలో ఉంది. చెక్క అచ్చులో గీత పైకి లేచి ఉంటుంది, సిరా దాని నెత్తిన అంటుతుంది. రాగి పలకలో గీత లోతుగా తవ్వి ఉంటుంది, సిరా ఆ గాడిలోకి దిగుతుంది. వెంట్రుకంత సన్నని గీత రాగి మీదే సాధ్యం. వైద్యులకు ఆ సన్నదనం కావాలి కాబట్టి 17వ శతాబ్దంలో శరీరశాస్త్రం రాగి పలకకు మారింది. అయితే రాగి పలక మీద అచ్చు వేయాలంటే కాగితాన్ని తడపాలి. తడిసిన కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రెండో పలక వేసే సరికి మొదటి పలక గీతలు ఒక వెంట్రుక వాసి పక్కకు జరిగి ఉంటాయి. ఇలా పలకల రిజిస్టర్ కలవకపోతే ఏమవుతుందో మన ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. డచ్చి దేశంలో యొహానెస్ టైలర్ 1688లో దీనికి ఒక ఉపాయంతో హక్కు పొందాడు. ఒకే పలక మీద వేర్వేరు చోట్ల వేర్వేరు రంగుల సిరాను గుడ్డముక్కతో అద్ది ఒకేసారి ముద్రించడం. పువ్వులకు, పక్షులకు అది బాగా కుదిరింది. రక్తనాళాల అల్లికలో ఎర్ర గీత పక్కనే నీలి గీత నడుస్తుంటే గుడ్డముక్కతో విడివిడిగా అద్దడం కుదిరే పని కాదు.

జాకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్ వచ్చేది ఇక్కడే. 1667లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో చిన్న చిత్తరువులు వేసుకుంటూ బతికాడు. ఎరుపు, పసుపు, నీలం కలిపితే మిగతా రంగులు వస్తాయన్న సంగతి చిత్రకారులకు పాతదే. 1704లో న్యూటన్ కాంతిశాస్త్ర గ్రంథం వెలువడ్డాక రంగుకు లెక్క ఉందన్న ఊహ గాలిలో ఉంది. లె బ్లాన్ ఆ రెండింటినీ అచ్చుయంత్రం దగ్గరికి తెచ్చాడు. ఏ చిత్రాన్నైనా మూడు రంగులుగా విడదీసి మూడు పలకలు చెక్కి, వాటిని ఒకే కాగితం మీద వరసగా ముద్రిస్తే అసలు చిత్రం మళ్లీ వస్తుందన్నాడు. 1720ల మధ్యలో లండన్‌లో ప్రచురించిన తన చిన్న పుస్తకంలో ఒక కీలకమైన తేడా కూడా రాశాడు. కాంతి రంగులన్నీ కలిస్తే తెలుపు వస్తుంది, పదార్థ రంగులన్నీ కలిస్తే నలుపు వస్తుంది. ఈ తేడా మీదే ఇవాళ్టి నాలుగు రంగుల ముద్రణ నిలబడి ఉంది. ఈ పత్రికలో ఒక రంగు ఫొటో ఉంటే అది ఆయన ఆలోచనకు వారసత్వమే.

ఆ పని ఎలా జరిగేదో కాస్త దగ్గరగా చూడాలి. మెజోటింట్ అనే పద్ధతిలో మొదట రాగి పలకంతటినీ పళ్లున్న ఒక ఇనుప పనిముట్టుతో ఊపుతూ ఊపుతూ గరుకు చేస్తారు. అన్ని దిక్కులనుంచీ మళ్లీ మళ్లీ. ఒక పెద్ద పలకకు రోజులు పట్టే చాకిరీ అది. ఆ గరుకు పలకకు సిరా పట్టించి అచ్చువేస్తే కాగితం నిండా చిక్కటి రంగు పడుతుంది. ఎక్కడ వెలుగు కావాలో అక్కడ గరుకును గీకి, నునుపు చేస్తారు. నునుపైన చోట సిరా నిలవదు. అంటే బొమ్మ చీకట్లోంచి వెలుగులోకి వస్తుంది. ఇలా మూడు పలకలు సిద్ధం చేయాలి. నీలం పలక చెక్కేటప్పుడు చివరికి వచ్చే చెంప రంగులో నీలం ఎంత ఉంటుందో మనసులోనే లెక్కకట్టాలి. తర్వాత పసుపుకు, తర్వాత ఎరుపుకు అదే లెక్క. కెమెరా లేదు, వడపోత గాజు లేదు. ఉన్నది ఒక్క మనిషి కన్ను. పైగా ఒక రంగు కిందనుంచి ఇంకొకటి కనిపించాలంటే సిరాలు పారదర్శకంగా ఉండాలి. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ నీలం లె బ్లాన్‌కు అలా కలిసొచ్చింది.

1719లో ఇంగ్లండ్ రాజు మొదటి జార్జ్ ఆయనకు హక్కుపత్రం ఇచ్చాడు. వాటాదారులతో ఒక సంస్థ పెట్టారు. గొప్ప చిత్రాలకు చవక ప్రతులు అమ్మడం ఆశయం. కొన్నేళ్లలోనే సంస్థ దివాలా తీసింది. మెజోటింట్ గరుకు మెత్తనిది, యంత్రం ఒత్తిడికి తొందరగా అరిగిపోతుంది. మంచి ప్రతులు కొద్దిగానే వస్తాయి. మూడు పలకల చాకిరీకి ఆ కొద్ది ప్రతుల ధర సరిపోదు. లె బ్లాన్ మేధను పొగిడేవాళ్లు ఈ లెక్కను మరిచిపోతుంటారు.

ఈ హడావిడి మధ్యనే శరీరశాస్త్రం ఆయన బల్ల మీదికి వచ్చింది. 1721లో విలియం కాక్‌బర్న్ అనే వైద్యుడు గనేరియా వ్యాధి మీద రాసిన పుస్తకం కోసం లె బ్లాన్ పురుషాంగ నిర్మాణాన్ని చూపే ఒక రంగు చిత్రం చేశాడు. నథానియల్ సెంట్ ఆండ్రే అనే శస్త్రవైద్యుడితో కలిసి పెద్ద శరీరశాస్త్ర గ్రంథానికి కూడా పూనుకున్నాడు కానీ అది పూర్తి కాలేదు. లె బ్లాన్ తర్వాత పారిస్ చేరి, 1737లో ఫ్రాన్స్ రాజు నుంచి హక్కు పొంది, 1741లో కన్నుమూశాడు. శరీరశాస్త్రానికి ఆయన ఇచ్చిన బొమ్మలు అత్యల్పం. ఇచ్చిన పద్ధతి మాత్రం తర్వాతి అందరికీ పెట్టుబడి.

ఆ పెట్టుబడిని అందరికంటే జాగ్రత్తగా వాడినవాడు యాన్ లాడ్మిరాల్. లె బ్లాన్ దగ్గర పనిచేసిన డచ్చి శిల్పి. 1736 నుంచి 1741 వరకు ఆయన చేసిన శరీరశాస్త్ర చిత్రాలు ఆరే ఆరు. ఈ చరిత్ర మొత్తంలో ఉత్తమమైనవి ఆ ఆరేనని నేను నమ్ముతాను. అవి ఎందుకు కుదిరాయో తెలియాలంటే ముందు ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు ఫ్రెడరిక్ రూయిష్ గురించి తెలియాలి. రూయిష్ చనిపోయినవారి రక్తనాళాల్లోకి రంగు కలిపిన కరిగిన మైనాన్ని ఎక్కించేవాడు. మైనం అతిసన్నని కొసల దాకా పాకి గట్టిపడేది. అవయవం ఎరుపెక్కి, ప్రాణమున్నట్టే కనిపించేది. అతని సేకరణను 1717లో రష్యా చక్రవర్తి పీటర్ 30,000 గిల్డర్లకు కొన్నాడు. సెంట్ పీటర్స్‌బర్గ్‌లో వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అంటే రాగి పలక మీద ఎరుపు పడకముందే శరీరం లోపలికి ఎరుపు ఎక్కింది. రంగు వేసి నాళాన్ని గుర్తుపట్టడం మొదట శవం మీద జరిగి, తర్వాత కాగితం మీద జరిగింది. మన రికార్డు పుస్తకంలోని ఎర్ర పెన్సిల్‌కు పూర్వీకుడు ఈ మైనమే.

లైడెన్ ఆచార్యుడు బెర్న్‌హార్డ్ సీగ్‌ఫ్రీడ్ ఆల్బీనస్ 1736లో పేగుల ధమనులు, సిరల మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. రంగుల్లో తీర్చిన బొమ్మ జతచేశామని పుస్తకం పేరులోనే చెప్పుకున్నాడు. అందులో లాడ్మిరాల్ చెక్కినది మైనం ఎక్కించిన ఒక పేగు ముక్క. నిలువెత్తు మనిషి కాదు, ముఖం లేదు, భంగిమ లేదు. నాళాలు చీలి, మళ్లీ చీలి, వల అల్లుకుని కొసకు వెళ్లి కనిపించకుండా పోతాయి. మెజోటింట్‌కు గీత పదును తక్కువ, మెత్తటి ఛాయలు ఎక్కువ. కొసల దగ్గర ఎరుపు పలచబడి కణజాలంలో కలిసిపోయే తీరుకు ఆ మెత్తదనమే సరిపోయింది. పద్ధతి బలహీనత ఇక్కడ బలమైంది. మెదడు మీది పొరలకు చేసిన చిత్రాలూ ఇదే కోవలోవి. వాటిలో కొన్ని రూయిష్ తయారుచేసిన నమూనాల నుంచే చెక్కాడు.

వీటిలో 1737 నాటి చిత్రం ముందు ఆగకుండా ముందుకు వెళ్లలేం. ఆఫ్రికా జాతివారి చర్మానికీ, ఇతరుల చర్మానికీ రంగు ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఆల్బీనస్ ప్రశ్న. పైపొరకూ అసలు చర్మానికీ నడుమ ఉండే పలచటి పొరలో రంగు ఉంటుందని 17వ శతాబ్దంలోనే ఇటలీ వైద్యుడు మల్పిగీ చెప్పి ఉన్నాడు. ఆ పొరలను విడదీసి ఒక్కోదాని ఛాయను చూపడం లాడ్మిరాల్ పని. ఇక్కడ రంగే వాదం. నల్లసిరాతో ఈ బొమ్మ వేస్తే చెప్పడానికి ఏమీ మిగలదు. శరీరశాస్త్రంలో రంగు అచ్చు లేకపోతే సాధ్యమే కాని బొమ్మ ఏదని అడిగితే నేను దీన్నే చూపిస్తాను. అయితే ఆ చర్మం ఒక మనిషిది. ఆ మనిషి అనుమతి ఎవరూ అడగలేదు. ఆచార్యుడి పేరు, శిల్పి పేరు చరిత్రలో నిలిచాయి, ఆ మనిషి పేరు నిలవలేదు. డచ్చి ఓడలు మనుషుల్ని సరుకుగా మోస్తున్న కాలం అది. మనుషుల్ని రంగునుబట్టి జాతులుగా విడదీసే శాస్త్రానికి తర్వాత ఇలాంటి పరిశోధనలే పునాదిరాళ్లయ్యాయి. అచ్చుపని నేర్పును మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదు.

విచిత్రమేమిటంటే, రంగు విలువ ఇంతగా తెలిసిన ఆల్బీనస్ తన జీవితకాలపు గ్రంథాన్ని నలుపు తెలుపుల్లోనే వేశాడు. 1747లో వెలువడిన అస్థిపంజర, కండర చిత్రాలవి. యాన్ వాండెలార్ గీసి చెక్కాడు. వెనక తోటలు, చెట్లు, ఒక బొమ్మలో మేస్తున్న ఖడ్గమృగం కూడా ఉన్నాయి. ప్రతి పూర్తి చిత్రానికి తోడు ఉత్త గీతలతో మరో చిత్రం అచ్చువేసి, అక్షర గుర్తులన్నీ దాని మీద పెట్టాడు. కండరాన్ని కండరం నుంచి విడదీయడానికి గీత పదును, కొలత కచ్చితత్వం కావాలని, రంగు ఆ పని చేయదని ఆయనకు తెలుసు. పేగు వలకు రంగు, తొడ కండరానికి గీత. ఏది ఎక్కడ పనికొస్తుందో ఎరిగిన ఈ వివేకం పారిస్‌లో కనిపించదు.

పారిస్‌లో ఉన్నది జాక్ ఫాబియన్ గోత్యే దాగోతీ. మార్సే నుంచి వచ్చినవాడు. 1738లో లె బ్లాన్ దగ్గర కొద్ది వారాలు పనిచేసి బయటికి వచ్చాడు. గురువు పోగానే 1741లో రంగు అచ్చు హక్కును దక్కించుకున్నాడు. మూడు పలకలకు నల్ల పలకను కలిపి నాలుగు చేసి, ఆ నాలుగు పలకల విధానం తన సొంత ఆవిష్కరణ అన్నాడు. లె బ్లాన్ కూడా అవసరమైన చోట నల్ల పలక వాడినవాడే. న్యూటన్ రంగుల సిద్ధాంతం తప్పని ఒక గ్రంథం రాశాడు. తప్పు గోత్యేదే. ఇన్ని పేచీల మధ్య అతను చేసిన పని పరిమాణం మాత్రం ఆశ్చర్యపరుస్తుంది. 1746లో కండరాల మీద 20 చిత్రాల సంపుటం, 1748లో తల నిర్మాణం, 1752లో లోపలి అవయవాలు, 1759లో మార్సేలో మరో గ్రంథం, 1773లో జననాంగాల మీద ఇంకొకటి. కొన్ని బొమ్మలు రెండు మూడు కాగితాలు ఒకదాని కింద ఒకటి అతికిస్తే నిలువెత్తు మనిషి అవుతాయి. ముందుగా చందాలు కట్టించుకుని అమ్మాడు. తైలవర్ణ చిత్రంలా మెరవాలని అచ్చు మీద వార్నిష్ పూశాడు. 1752లో రంగు బొమ్మలతో విజ్ఞాన పత్రిక కూడా పెట్టాడు. రంగు చిత్రాలున్న తొలి పత్రికల్లో అదొకటి.

కండరాల సంపుటంలో ఒక చిత్రం లోకప్రసిద్ధం. ఒక యువతి మనకు వీపు చూపిస్తూ కూర్చుని, తలను పక్కకు తిప్పి ఉంటుంది. జుట్టు పైకి చుట్టి ఉంది. చెంప గులాబీ ఛాయలో, బతికున్న చెంపలాగే ఉంది. మెడ కింది నుంచి వీపు మీది చర్మం, కండరాలు వెన్నెముకకు రెండు వైపులా విప్పి పరిచి ఉన్నాయి. మధ్యలో పక్కటెముకలు, వెన్నుపూసలు. విప్పిన కండరాలు రెండు రెక్కల్లా ఉన్నాయి కాబట్టి 20వ శతాబ్దంలో పారిస్ అధివాస్తవికులు ఆమెను దేవదూతగా చూశారు. ఆ పేరే స్థిరపడింది.

నేను ఈ చిత్రాన్ని తక్కువ చేయడం లేదు. దాన్ని చూసినవాడు మర్చిపోలేడు. కానీ విద్యార్థిగా చూడండి. విప్పిన కండరాల్లో ఏది ఎక్కడ మొదలై ఏ ఎముకకు అతుక్కుంటుందో ఆ బొమ్మ మీద వేలు పెట్టి చూపడం కష్టం. ఎరుపు అంతటా ఎరుపే. కండరం, దాని నీడ, దాని కింది కండరం మెత్తగా ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. మెజోటింట్ మెత్తదనం లాడ్మిరాల్‌కు చేసిన మేలే ఇక్కడ కీడైంది. అసలు కండరాలను కోసి సిద్ధం చేసిన జాక్ ఫ్రాన్స్వా మారీ దువెర్నే పనితనం మంచిదే. ఆ పనితనం పలక దాకా వచ్చే సరికి మసకబారింది. 1852లో శరీరశాస్త్ర చిత్రాల చరిత్ర రాసిన జర్మన్ వైద్యుడు లుడ్విగ్ షూలాంట్ గోత్యే పట్ల కఠినంగా ఉన్నాడు. ఆ కాఠిన్యం శాస్త్రం వరకు న్యాయమేనంటాను. ఒక్కటి మాత్రం గోత్యే పక్షాన చెప్పాలి. వైద్యులు కాని మనుషులు తమ శరీరం లోపల ఏముందో నిలువెత్తున, రంగుల్లో చూసింది అతని వల్ల. పారిస్ చదువరులకు శరీరశాస్త్రం మీద కలిగిన ఆసక్తిలో అతని వాటా పెద్దదే.

నిజంలా కనిపించడమే లక్ష్యమైతే కాగితం ఎక్కువ కాలం పోటీలో నిలవలేదు. బొలోన్యాలో అన్నా మొరాండి, పారిస్‌లో మారీ మార్గరీత్ బియెరోన్ మైనంతో అవయవాలు చేస్తున్నారు. 1775లో ఫ్లారెన్స్‌లో తెరిచిన లా స్పెకొలా ప్రదర్శనశాలలో మైనపు శరీరాలు రంగుతో, తడి మెరుపుతో, చుట్టూ తిరిగి చూసే వీలుతో కనిపించాయి. గోత్యే వార్నిష్ పూసి అందుకోవాలనుకున్నది అక్కడ సహజంగా దొరికింది. మరోవైపు కచ్చితత్వం కోరినవాళ్లు నల్ల గీతకే కట్టుబడ్డారు. 1774లో విలియం హంటర్ గర్భాశయం మీద తెచ్చిన 34 చిత్రాల మహాగ్రంథంలో రంగు లేదు. దాని గౌరవం ఈనాటికీ తగ్గలేదు. గోత్యే కొడుకుల్లో ఒకడైన ఆర్నో ఎల్వా 1773లో నాన్సీలో 15 చిత్రాల శరీరశాస్త్ర పాఠం ప్రచురించాడు. దానికి పాఠం రాసినది నికొలా జడెలో అనే వైద్యుడు. తండ్రి సంపుటాలకంటే అది పాఠ్యపుస్తకానికి దగ్గరగా ఉంటుంది. అయినా అప్పటికే ఆ దారి మూసుకుపోతోంది.

అదే రోజుల్లో, ఈ యూరప్ గొడవలతో సంబంధం లేకుండా, జపాన్‌లో మరో సంగతి జరిగింది. అక్కడ 1765 నుంచి చెక్క అచ్చులతో పలు రంగుల చిత్రాలు వేయడం వాడుకలోకి వచ్చింది. 1772లో క్యోటోలో కవాగుచి షిన్నిన్ అనే వైద్యుడు తాను చేసిన శవపరిశీలనను రంగు చెక్క అచ్చుల బొమ్మలతో పుస్తకంగా వేశాడు. రంగు చదునుగా, హద్దు స్పష్టంగా ఉండే ఆ బొమ్మలు గోత్యే చిత్రాలకంటే అసెల్లి చిత్రాలకు దగ్గర చుట్టాలు. ఏ భాగం ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలవుతుందో వాటిలో తెలుస్తుంది.

శరీర నిర్మాణం నుంచి రోగ నిర్ధారణకు వచ్చేసరికి రంగు మళ్లీ తన అసలు పని దొరకబుచ్చుకుంది. వాపు, పుండు, కుళ్లు, పొడ, ఇవన్నీ రంగును చూసి పోల్చుకునేవే. 1806 నుంచి పారిస్‌లో అలీబెర్ చర్మవ్యాధుల మీద, 1827లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ మూత్రపిండాల వ్యాధుల మీద తెచ్చిన గ్రంథాలు రంగు బొమ్మలు లేకుండా ఊహించలేం. బ్రైట్ చూపిన మూత్రపిండం పాలిపోయి, మచ్చలు పడి ఉంటుంది. ఆ పాలిపోవడమే వ్యాధి. అయితే ఇక్కడ కూడా ఎక్కువ రంగు మళ్లీ చేత్తో వేసినదే. లె బ్లాన్ మూడు పలకల కల వ్యాపారంగా నిలబడటానికి రాతి అచ్చు రావాలి, తర్వాత ఫొటో రావాలి. 1837లో ఎంగెల్‌మన్ రంగుల రాతి అచ్చుకు హక్కు పొందాక గానీ చవక రంగు బొమ్మ ఇంటింటికీ చేరే దారి పడలేదు.

అందుకే 18వ శతాబ్దపు రంగు అచ్చును ఒక్కమాటలో విజయమనో వైఫల్యమనో తేల్చడం సరికాదు. ముద్రణ విద్యగా అది తన కాలానికి చాలా ముందు ఉంది. వ్యాపారంగా ప్రతిచోటా నష్టపోయింది. శాస్త్రానికి సేవగా చూస్తే నిలిచినవి కొన్నే: అసెల్లి పుస్తకంలో నాలుగు, లాడ్మిరాల్ చేతిలో ఆరు, ఇంకా కొద్దిపాటివి. మిగతావి మనిషి తన శరీరాన్ని అందంగా ఊహించుకున్న చిత్రాలు. వాటికి చిత్రశాలలో చోటుంది. పాఠ్యపుస్తకంలో గెలిచింది మాత్రం ఎర్ర గీత, నీలి గీత. సిరలు నీలంగా ఉండవని తెలిసీ మనం వాటిని నీలంగా గీస్తున్నాం. విద్యార్థి కంటికి దారి చూపడానికి ఆ చిన్న అబద్ధం అవసరం. మన పాఠ్యపుస్తకాల బొమ్మలు వేయించేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి చూడాలని కోరుకుంటాను. బొమ్మను ఎంత రంగులమయం చేస్తే అంత బాగా బోధపడుతుందన్న నమ్మకంతో ప్రతి అవయవానికీ మెరుపు, నీడ, మూడు నాలుగు ఛాయలు అద్దుతున్నారు. పదో తరగతి పిల్లవాడికి కావలసింది ధమని ఎక్కడ ముగిసి సిర ఎక్కడ మొదలైందన్న హద్దు.

ఈ చిత్రాలు చూడటానికి యూరప్ వెళ్లనక్కర్లేదు. లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్, అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ తమ దగ్గరున్న పాత శరీరశాస్త్ర గ్రంథాలను చాలావరకు డిజిటల్ రూపంలో అందరికీ ఉచితంగా చూపిస్తున్నాయి. చూసేటప్పుడు బొమ్మను పెద్దది చేసి అంచుల దగ్గర మొదలుపెట్టండి. మూడు పలకలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ తప్పాయో అక్కడే తెలుస్తుంది.